మండలం పేరు రాయని దరఖాస్తు

పోయిన వానాకాలం సికింద్రాబాద్ వస్తుంటే, మౌలాలి దాటాక సిగ్నల్ లేక మా రైలు ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ముసలామె నా జేబులో పెన్ను చూసింది.

"అన్నా, జెర దరఖాస్తు రాసిస్తవా? నా రెండెకరాలకు పాస్‌బుక్ రాలే. పట్నంల పెద్దాఫీసుల ఇయ్యాలె."

బడి మొహం చూడకుండా చదువు నేర్చినవాణ్ణి. ఎందరికో రాసిపెట్టాను. "ఏ మండలమమ్మా?" అన్నాను.

"గదే తెల్వది. మా ఊరిని కొత్త మండలంల కలిపిండ్రు. ఆడికి పోతే కాయితాలు పాతాఫీసుల ఉన్నయంటరు. పాతాఫీసోళ్లు మీ ఊరు మాది కాదంటరు. మూడేండ్లాయె."

నాకు ఒళ్లు మండింది. రెండు ఆఫీసులనూ కడిగేస్తూ పేజీ నింపి, చదివి వినిపించాను. ఆమె భయపడింది.

"తిట్లు తీసెయ్యి అన్నా. పెద్దాఫీసోళ్లు దీన్ని మల్ల ఆళ్లకే పంపుతరు."

ఇంకో కాగితం మీద మెత్తగా రాశాను. మండలం పేరు రాసే చోటికి రాగానే ఆమె అక్కడ వేలు పెట్టింది.

"గా జాగ ఖాళీ ఉంచు. మా ఊరు ఎవలు మాదంటే ఆళ్ల పేరు రాయిస్త."

అలాగే ఉంచాను. రైలు ఇంకా కదల్లేదు.

తిట్లున్న కాగితం నా దగ్గరే ఉంది. దాన్ని ఏ ఆఫీసులో ఇవ్వాలో నాకూ తెలియలేదు.