తీగ లేని పెడల్

వీధిలో అందరికీ ఆమె టాక్సీ అక్క. భర్త బతికి ఉండగా ఎవరినీ అనుమానించి ఎరుగదు. ఆయన కొండదారి దిగుతుండగా కారు ఆక్సిలరేటర్ తీగ ఇరుక్కుంది. కాలు తీసినా వేగం తగ్గలేదు, ఆ ప్రమాదంలోనే పోయాడు. ఆ కారు బాగోగులు చూసింది ఆయన సొంత తమ్ముడే, మెకానిక్. తీగ పాడైన సంగతి అతనికి తెలియకుండా ఉంటుందా? ఆమె అడగలేదు. అడగని ప్రశ్న నివురుగప్పిన నిప్పులా లోపలే ఉండిపోయింది. తనే టాక్సీ నడిపి, అత్తను దగ్గర పెట్టుకుని ఇల్లు నెట్టుకొచ్చింది కానీ మరిది గడప తొక్కలేదు.

ఒక ఉదయం రోగిని ఆసుపత్రికి తీసుకెళుతుంటే వంతెన మీద బండి మొండికేసింది. పెడల్ ఎంత నొక్కినా నత్తనడకే. ఎలాగో రోగిని దింపింది. ఇక ఆ బండి చేరగలిగిన షెడ్డు ఒక్కటే, మరిదిది.

అతను పరీక్ష చేసి, "థ్రాటిల్ బాడీ పోయింది వదినా, ఇంజనుకు గాలి వదిలే మూత ఉండేది ఇందులోనే" అన్నాడు.

"నువ్వన్నావని నమ్మాలా? తీగ తెగిందేమో చూడు."

"ఇందులో తీగే ఉండదు. మీ కాలు ఎంత నొక్కిందో సెన్సర్లు కంప్యూటరుకు చెబుతాయి. అది చెప్పినంత మేర ఇక్కడి మోటారు ఈ మూత తిప్పుతుంది. అప్పుడు ఇంజనుకు గాలి అందుతుంది."

"అంటే నా కాలికీ ఇంజనుకీ మధ్య దుబాసీలన్నమాట. వాళ్లు అబద్ధమాడితే?"

"అందుకే మూత దగ్గరా రెండు సెన్సర్లు పెట్టారు. రెంటి మాటా కలవకపోయినా, మూత చెప్పినంత తిరగకపోయినా కంప్యూటరు మోటారును ఆపేస్తుంది. స్ప్రింగు సన్నని సందు వదిలి మూత మూసేస్తుంది. అందుకే బండి పాకింది."

ఆమె చేతులు కట్టుకుని మీదమీదే నిలబడింది. అతను బ్యాటరీ వైరు తీశాడు, గాలి గొట్టం విప్పాడు, బోల్టులు ఊడదీశాడు. పాతదాని లోపల మూతను తిప్పే ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయి ఉన్నాయి. సందుల్లోంచి గాలి పోకుండా కొత్త గ్యాస్కెట్ వేసి, కొత్తది పెట్టి, బోల్టులను ఎదురెదురుగా సమంగా బిగించాడు. "తాళం తిప్పండి, పెడల్ మీద కాలు పెట్టకండి. మూత ఎక్కడ మూసుకుంటుందో కంప్యూటరు నేర్చుకోవాలి."

ఇంజను నెమ్మదిగా, నిలకడగా పలికింది. ఆమె పాత భాగాన్ని సంచిలో వేసుకుని హఠాత్తుగా అడిగింది.

"మీ అన్నయ్య కారు తీగ సంగతి నీకు తెలుసా?"

అతను చేతులు తుడుచుకుంటున్న గుడ్డ పక్కన పెట్టాడు. "తెలుసు. పోగులు విడుతున్నాయి, బండి వదిలెళ్లమన్నాను. వినలేదు."

ఆమె నేరుగా ఊరి అవతలి షెడ్డుకు వెళ్లి పాత భాగం చూపించింది. అక్కడి మెకానిక్కూ అదే మాట చెప్పాడు, మార్చక తప్పదని. ఈ విషయంలో మరిది మోసం చేయలేదు. మరి ఆ తీగ విషయం?

ఇంటికెళ్లి, మరిది చెప్పింది నిజమేనా అని అత్తను నిలదీసింది.

"నిజమేనే. గుమ్మంలోనే గొడవపడ్డారు. చిన్నాడు తాళాలు లాక్కోబోయాడు కూడా" అంది అత్త.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"పోయినవాడి మీద తప్పెలా మోపనే?"

ఉన్న కొడుకును కాపాడుకుంటోందేమో! ఆ అనుమానంతో ఆమెకు అన్నం సయించలేదు. కానీ తాళాల మాట మరిది చెప్పలేదు. తన మంచితనం చాటుకోవాలనుకుంటే ముందు ఆ మాటే చెప్పేవాడు కదా?

తర్వాతి సర్వీసుకు మరిది దగ్గరికే వెళ్లింది. పూర్తిగా నమ్మిందని కాదు, అతను బోల్టు బిగించినంతసేపూ ఆమె రెప్ప వేయలేదు. అయితే వెనక సీట్లో అత్తను కూర్చోబెట్టుకుని వెళ్లింది. కోడలి మనసు నొచ్చుకుంటుందని, ఆ ముసలావిడ చిన్నకొడుకు షెడ్డులో అంతవరకూ అడుగుపెట్టలేదు.