వదిన చదివే గోడ

వర్ధన్నపేట దారిలో ఉన్న పత్తి మిల్లులో నేనూ మా వదినా ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళం. లారీల్లో వచ్చిన పత్తిలోంచి ఆకులూ తొక్కలూ ఏరి, గింజ తీసే మిషన్ల దగ్గరికి గంపలతో మోయడం మా పని. అన్నకు డోర్నకల్ వైపు రైలు పట్టాల పని. ఆదివారాలు తప్ప ఇంట్లో ఉండేవాడు కాదు. ఇంట్లోనూ మిల్లులోనూ నాకు తోడు వదినే.

వదిన బడికి పోయింది తక్కువ. చర్చిలో అక్షరాలు నేర్చుకుని, బైబిలు చదివి చదివి చదువు గట్టి చేసుకుంది. మిల్లులో గేటు పక్క గోడకు నోటీసులు అతికించేవాళ్ళు. కూలి రేట్లు, సెలవులు, మిషన్ల దగ్గర జాగ్రత్తలు, ఆడవాళ్ళకు ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి. చట్టం పెట్టమంది కాబట్టి పెట్టేవాళ్ళు. మాలో చాలామందికి చదువు రాదు. నాకు వచ్చినా ఆ పెద్ద పెద్ద మాటలు నోరు తిరగవు. అన్నాలు తిన్నాక అందరం అక్కడ చేరేవాళ్ళం.

"అక్కా, కొత్తది పెట్టిన్రు. జర సదివి చెప్పు" అనేవాళ్ళు.

"ఇందుమూలముగా..." అని వదిన బైబిలు వాక్యం చదివినట్టు రాగం తీసేది. అందరం నవ్వేవాళ్ళం. తర్వాత నిమ్మళంగా విడమరిచేది. "అంటే ఏందంటే, చీకటి పడ్డంక మనల్ని పనికి ఉంచుకుంటే ఇంటికాడ దించాలె. గంతే."

ఆ ఏడు దసరాకు ముందు గోడకు కొత్త రంగు వేశారు. కాగితాలన్నీ పీకేసి, నలుపూ తెలుపూ గళ్ళున్న క్యూఆర్ కోడ్ ఒకటి అంటించారు.

"ఇగ కాయితాల లొల్లి లేదు. ఫోన్‌తోని కొడితే నోటీసులన్ని అండ్లనే వస్తయ్" అన్నాడు సూపర్‌వైజర్.

"ఫోన్లు గేటు కాడనే గుంజుకుంటరు కద సార్?" అంది వదిన. పత్తికి నిప్పు భయమని లోపలికి ఫోన్లు రానిచ్చేవాళ్ళు కాదు.

"ఇంటికి పొయ్యేటప్పుడు కొట్టుకోన్రి."

సాయంత్రం ఆటో దొరకడమే గగనం. పైగా వదినది బటన్ల ఫోను. మొదట్లో అలవాటు కొద్దీ కొందరు గోడ దగ్గరికి వచ్చారు. "దీన్నేం సదువుతనే!" అని వదిన నవ్వేసింది. తర్వాత ఎక్కడివాళ్ళం అక్కడే తినేసి లేచేవాళ్ళం.

వదినకు దగ్గు అంతకు ముందు నుంచే ఉంది. ఆదివారం కాస్త తెరిపి, సోమవారం షెడ్డులో అడుగు పెట్టగానే ఛాతీ పట్టేసేది. ఆ సీజన్‌లో బాగా ముదిరింది. "దుమ్ముల పనిజేస్తే ఎవ్వలకు ఉండదు పిల్లా" అని ముక్కుకు కొంగు కట్టుకుని గంప ఎత్తేది. ఒక ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి నిలబడి, సగంలో ఊపిరందక, పుస్తకం పక్కావిడ చేతికిచ్చి కూర్చుంది. మర్నాడు నేనే బలవంతంగా పెద్ద దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే చూసి, "ఏటేటా ఊపిరి పరీక్ష చేయించాలి కదా, మీ మిల్లులో చెయ్యలేదా?" అంది. "ముందే తెలిస్తే దుమ్ములోంచి తప్పించేవాళ్ళం. ఇప్పుడు చాలా పాడైంది."

"మాకెవ్వలు చెప్పలే మేడమ్" అన్నాను.

తెల్లారి ఫోను గేటులో ఇచ్చే ముందు ఆ గళ్ళ మీద పెట్టాను. పేజీల మీద పేజీలు వచ్చాయి, చాలావరకు ఇంగ్లీషులో. వేలితో తోస్తూ పోతే అడుగున తెలుగులో ఉంది: దుమ్ములో పనిచేసేవారికి ఉచిత ఊపిరి పరీక్ష, ఆఫీసు వెనక గదిలో. ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఆ రోజు తెల్ల వ్యాను రావడం నాకు గుర్తుంది. ఆఫీసువాళ్ళ కోసమేమో అనుకున్నాం. గోడకు ఇవతల మేమిద్దరం పత్తి ఏరుతూనే ఉన్నాం.

అది చూపించి అడిగితే సూపర్‌వైజర్ ముఖం చిన్నబోయింది. "గోడకు పెట్టినం కదమ్మా. ఎవ్వలు రాలే... అవసరం లేదేమో అనుకున్న" అన్నాడు. వదినను గేటు దగ్గర ఊడ్చే పనికి మారుస్తానన్నాడు. ఆ పనికి కూడా పోలేక ఆమె మంచం పట్టింది.

దాచడం చేతకాక వదినకు చెప్పేశాను. "కాయితం పెడితే నేనే సదువుదును గదనే. అందరికి సదివి చెప్పుదును" అంది. అంతకు మించి ఒక్క మాటైనా కోపంగా అనలేదు.

ఈస్టరు పోయాక వదిన కన్నుమూసింది. మిల్లు ఆడవాళ్ళంతా మట్టి వెయ్యడానికి వచ్చారు. వాళ్ళే తర్వాత సూపర్‌వైజర్‌ను చుట్టుముట్టి గట్టిగా అడిగితే, పరీక్ష నోటీసు తెలుగులో అచ్చేయించి షెడ్డు తలుపుకు అంటించారు. వ్యాను మళ్ళీ వచ్చింది. మా అందరి చేతా గొట్టంలోకి ఊదించారు. ఇద్దరిని దుమ్ము పని నుంచి తప్పించారు. నాకేమీ లేదన్నారు. ఆ మాటకు సంతోషపడలేకపోయాను.

అన్న కొన్నాళ్ళు పనికి పోలేదు. ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని అడిగాడు. "గంత దమ్ము వస్తుంటే నాకు ముందుగాలనే ఎందుకు చెప్పలే?"

"నువ్వు పట్టాల మీద ఉంటవు, ఫికర్ల పడి రైలు చూసుకోవని వదినే చెప్పనియ్యలే అన్నా."

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. లేచి ముఖం కడుక్కుని, అన్నం డబ్బా కట్టమన్నాడు. ఆ రోజే డోర్నకల్ బండెక్కాడు.