దమ్మామ్‌లో ఏడో గ్రీన్, ఎడమ మూల

జెద్దాలో ఒక మహిళా కాలేజీ గోల్ఫ్ జట్టుకి నేను అసిస్టెంట్ కోచ్‌ని. ఆరేళ్లుగా అదే కుర్చీ. అసిస్టెంట్ అంటే ఏం చేస్తావే అని విశాఖలో మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. బంతులు ఏరతాను, వ్యాన్లు మాట్లాడతాను, అరటిపళ్లు మోస్తాను, పోటీకి ముందురోజు మైదానమంతా నడిచి మ్యాపు గీస్తాను. ఆ చివరి పని నాకు బాగా వచ్చు. మా హెడ్ కోచ్ హనా ఈ సెమిస్టర్ చివర్న వెళ్లిపోతోంది. దమ్మామ్‌లో జరిగే కాలేజీల పోటీలో మా జట్టు మొదటి రెండు స్థానాల్లో ఉంటే ఆమె పదవి నాకిస్తామనీ, లేదంటే బయటివాళ్లని తెచ్చుకుంటామనీ కాలేజీవాళ్లు మొహం మీదే చెప్పేశారు. ఆ పదవి నాకు కావాలి. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

జెద్దా నుంచి దమ్మామ్‌కి బస్సు కూడా ఉంది గానీ, దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది. మర్నాడు ఆడాల్సిన పిల్లల్ని అలా కుదేస్తే నడుములు పడిపోతాయి. విమానంలో రెండు గంటలే. ముందే కొంటే మూడు వందల యాభై రియాళ్ల లోపు దొరికింది. గోల్ఫ్ బ్యాగుల సంగతి టికెట్ కొన్నప్పుడే చెప్పాలి, కౌంటర్ దగ్గర చెబితే వాయించేస్తారు. గురువారం పొద్దున ఆరున్నరకి బయల్దేరి, ఎనిమిదిన్నరకల్లా దిగాం. ఐదుగురు అమ్మాయిలు, హనా, నేను, ఐదు పొడుగాటి బ్యాగులు. నూట అరవై రియాళ్లకి వ్యాను మాట్లాడాను. డ్రైవర్ పాకిస్తానీ ఆయన. బ్యాగులు పైకెక్కిస్తూ, "ఇంతమంది ఆడపిల్లలు చేపలు పట్టడానికి వెళ్తున్నారా?" అని ఉర్దూలో అడిగాడు. కాదు గోల్ఫ్ అంటే, "అయితే చేపలే నయం, కూర వండుకోవచ్చు" అన్నాడు. దారంతా గోడౌన్లు, పైపులు, ఇసుక. చివర్లో ఉన్నట్టుండి పచ్చగా మైదానం.

పిల్లలు తిని తయారయ్యేలోపు నేనొక్కదాన్నే ముందు నడిచాను. ప్రతి గుంత చుట్టూ సన్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ జారుడు అని నేను మ్యాపులో తెలుగులో రాసుకుంటాను, పక్క జట్ల కోచ్‌లు తొంగిచూసినా దక్కకుండా. ఏడో గ్రీన్ దగ్గర ఆ ఎత్తుగడ పారలేదు.

"మేడం, మీరు తెలుగా? గా రాత తెలుగే గద!" అన్నాడు గడ్డి కోసే మిషను ఆపి ఒకాయన.

"అవునండీ, విశాఖ. మీది?"

"జగిత్యాల దిక్కు. నర్సయ్య నా పేరు. పదకొండేండ్లాయె అచ్చి. ఈ గడ్డి మీద తెలుగు రాత సూసుడు గిదే మొదటిసారి."

ఫ్లాస్కులోంచి చాయ పోసిచ్చాడు. పిల్లలు, ఊరు, చలి, అన్నీ మాట్లాడుకున్నాం. లేవబోతుంటే గొంతు తగ్గించాడు.

"అక్కా, ఒక్క మాట. రేపు ఈ ఏడో దాంట్ల గుంత గా ఎడమ మూలకు కోస్తున్న. సూపర్‌వైజర్ ఇప్పుడే కాయిదం ఇచ్చిండు. గా గడ్డ దాటిందంటే బాలు ఆగదు, సీదా నీళ్లల్లకే. మన పిల్లలకు జెర చెప్పు."

చాయ గ్లాసు కింద పెట్టేశాను. గ్రీన్ మీద గుంత చోటు రోజూ మారుస్తారు. ఎక్కడన్నది పోటీ రోజు పొద్దునే అందరికీ ఒకేసారి చెప్తారు. ముందే తెలుసుకుని ఆ చోట సాధన చేయిస్తే దొంగాటే. పోనీ నిర్వాహకులకి చెబుదామా అంటే నర్సయ్య ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డూ పోతుంది. మా నాన్న విశాఖలో ఒక గోల్ఫ్ క్లబ్బులో ఇదే పని చేసేవాడు. చిన్నప్పుడు నేను పోటీకి ఆడే ముందురోజు గుంత ఎక్కడో చెప్పమని ఎంత బతిమాలినా, అన్నం తింటూ "పడుకో" అనేవాడు, అంతే.

మధ్యాహ్నం పిల్లల్ని తీసుకొచ్చాను. ప్రతి గ్రీన్ మీదా నాలుగు మూలలకీ బంతులు కొట్టించడం నా అలవాటు. ఏడో దాని దగ్గర మూడు మూలలు అయ్యాక, "టైం లేదు, పదండి" అన్నాను. టైం ఉంది. తెలిసిన మూలలో ఆడిస్తే మోసం చేసినట్టవుతుందని వదిలేశాను. అప్పుడు నా నిజాయితీకి నేనే మురిసిపోయాను కూడా.

శుక్రవారం రీమ్‌తో నేను నడిచాను. మా జట్టులో అందరికంటే చిన్నది, దూకుడు పిల్ల. ఈ పోటీలో కోచ్‌లు సలహా ఇవ్వొచ్చు. ఏడో దాని దగ్గర గుంతలో నాటిన జెండా ఎడమ మూలనే ఉంది. మా ముందు వెళ్లిన జట్టు అమ్మాయి నిన్న ఆ మూల ఆడి చూసుకుంది కాబోలు, జెండా జోలికి పోకుండా బుద్ధిగా మధ్యకి కొట్టుకుంది.

"కోచ్, జెండాకా, మధ్యకా?" అంది రీమ్.

మధ్యకి అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ అది నా కన్ను చెప్పిన మాట కాదు. మ్యాపులో ఆ మూల ఖాళీగా ఉంది.

"నీకెలా అనిపిస్తే అలా" అన్నాను.

రీమ్ జెండాకే కొట్టింది. బంతి గడ్డ దాటి, తాపీగా దొర్లుకుంటూ నీళ్లలోకి పోయింది. రెండు దెబ్బలు నష్టం; ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లదే గెలుపు. సాయంత్రం లెక్క తేలేసరికి మా జట్టు మూడోది. రెండో జట్టుకి ఒక్క దెబ్బ వెనక.

వ్యాను దగ్గర నర్సయ్య ఎదురయ్యాడు. "చెప్తిని గదక్కా, మల్ల పిల్ల అటే కొట్టె?"

"నేను చెప్పలేదన్నా. మా నాన్నదీ ఇదే పని."

"నీకు సుత చెప్పకపోయేటోడా మీ నాయిన?"

"ఒక్కసారి కూడా."

"నేను సుత ఎవలకు చెప్పలే ఇన్నేండ్ల సంది. నీ తెలుగు రాత సూసేసరికి పాణం ఆగలే" అని తలొంచుకున్నాడు. ఆయన మీద కోపం రాలేదు. నా మీద వచ్చింది.

తిరుగు విమానంలో రీమ్‌కి నిజం చెప్పాను, నాకు చెప్పిందెవరో తప్ప. శ్రద్ధగా విని, "అంటే మీకు తెలిసింది కాబట్టి మేం నేర్చుకోలేదా?" అంది. నర్సయ్య మాట వినకపోయుంటే ఆ మూలకి ఎప్పటిలాగే వెళ్లేవాళ్లం. బంతి దొర్లడం మా కళ్లతో మేమే చూసేవాళ్లం. నేను కాపాడుకుంది ఆటని కాదు, నా మంచి పేరుని. దాని ఖరీదు రీమ్ కట్టింది. హెడ్ కోచ్‌గా బయటినుంచి ఎవరో వస్తున్నారు. ఏడో ఏడు కూడా అరటిపళ్లు నేనే మోస్తాను, మ్యాపు నేనే గీస్తాను.

జట్టుని తీసుకుని వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: ముందురోజు ప్రతి గ్రీన్ మీదా నాలుగు మూలలూ ఆడించండి. రేపటి గుంత ఎక్కడో పొరపాటున చెవిన పడినా సరే, నాలుగూ ఆడించండి.