నీళ్ళు పోసే మామ్మగారు

మా వీధిలో పసిపిల్లలకు నీళ్ళు పోసే మామ్మగారు గత శుక్రవారం పొద్దున కన్నుమూశారు. ఆమె కోడలు మా వాకిట్లో నిలబడి, "అత్తమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందండీ. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్టా గోడకి ఒరిగిపోయింది" అని చెప్పింది. వెంటనే మా అమ్మాయికి ఫోన్ చేశాను. తను సరిహద్దు దగ్గర మిలటరీ ఆసుపత్రిలో నర్సు. విషయం వినగానే, "నా బిడ్డను నాకిచ్చింది మామ్మే కదమ్మా" అంది.

మేము నల్లపాడు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో మా వీధిలో పుట్టిన పిల్లలంతా ఆమె కాళ్ళ మీద పడుకున్నవాళ్ళే. పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళు చాపి బిడ్డను పడుకోబెట్టుకునేవారు. నీళ్ళ వేడి చూసుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాకే మొదటి చెంబు. ఎవరింట్లో ఏ దేవుడి పటం ఉన్నా ఆ ప్రార్థన మానేవారు కాదు, ఎవరూ అడ్డు చెప్పేవారూ కాదు. బిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే, "ఏడువమ్మా, గొంతు ఎట్టా ఉందో చూడనీ. చర్చిలో పాటకి పనికొస్తావేమో" అనేవారు.

ఒక నియమం మాత్రం గట్టిగా పాటించేవారు. కూలికి వెళ్ళి మిరపకాయల ముచ్చికలు, అదే తొడిమలు, తుంచిన రోజున పసిబిడ్డను ముట్టుకునేవారు కాదు. "ఎన్నిసార్లు కడిగినా చేతికున్న కారం పోదమ్మాయ్. మనకి తెలవదు, బిడ్డ ఒంటికి తెలుస్తది" అనేవారు.

మా అమ్మాయి కాన్పు సెలవు అయిపోగానే ఆరు నెలల పాపను నాకు అప్పగించి డ్యూటీకి వెళ్ళింది. అల్లుడికి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి వెళ్ళేవాడు. నాకు అన్నీ పద్ధతిగా జరగాలి. పాలు ఎన్నింటికి పట్టానో, పాప ఎంతసేపు నిద్రపోయిందో నోటుబుక్కులో రాసేదాన్ని. మామ్మగారు రోజూ వచ్చి నీళ్ళు పోసి వెళ్ళేవారు.

ఐదు నెలలకు అమ్మాయి నెల రోజుల సెలవు మీద వచ్చింది. ఫోన్లో తల్లి మొహం కనిపిస్తే చెయ్యి ఊపే పాప, ఎదురుగా ఆ తల్లే చేతులు చాపితే నా మెడ పట్టుకుని కెవ్వుమంది. నేను నోటుబుక్కు తీసి అమ్మాయికి ఇచ్చాను.

"వార్డులో చార్టు లాగా ఉందమ్మా. పేషెంటే నన్ను దగ్గరికి రానివ్వట్లేదు" అని నవ్వింది.

ఆ నవ్వు నాలుగు రోజులే. పది రోజులైనా పాప తన ఒడిలో రెండు నిమిషాలు నిలవలేదు. "ఇట్టాగే వెళ్ళిపోతానేమోనమ్మా. మళ్ళీ వచ్చేసరికి నడుస్తా ఉంటది" అని కళ్ళు తుడుచుకుంది. నేను ఓదార్చాను. ఓదారుస్తూనే, పాప ఏడవగానే చెయ్యి చాచి తీసేసుకున్నాను. నా చంకెక్కగానే ఏడుపు ఆగితే లోపల నాకు కొంచెం గొప్పగానే ఉండేది.

పదకొండో రోజు మామ్మగారు బుట్టెడు పండుమిరపకాయలతో వచ్చారు. "పచ్చడికమ్మాయ్. కబుర్లు చెప్పుకుంటా ముచ్చికలు తీద్దాం రా" అని నన్ను పెరట్లో కూర్చోబెట్టారు. అరగంట తీశాక ఎండ వైపు చూసి, "అయ్యో, పాపకి నీళ్ళ వేళయిందే!" అన్నారు. నా చేతులు భగభగ మండుతున్నాయి.

"నా చేతులూ కారమే, నీ చేతులూ కారమే" అని ఇంట్లోకి కేకేశారు. "ఏమే నర్సమ్మా! సిపాయిలకి సూదులు పొడుస్తావు గానీ నీ బిడ్డకి చెంబెడు నీళ్ళు పొయ్యలేవా? రా, పీటెయ్యి."

"నా దగ్గర ఉండదు మామ్మా, ఏడుస్తది."

"ఉండకపోతే యాడికి పోద్ది? బోర్లా పడుకోబెట్టుకో. నీ మొహం తర్వాత చూస్తదిలే, ముందు నీ కాళ్ళు తెలవనీ."

పాప ఏడ్చింది. నేను లేవబోయాను. మామ్మగారు మోచెయ్యి అడ్డం పెట్టి, "కూర్చో" అన్నారు.

నాలుగో చెంబుకు ఏడుపు సన్నబడింది. వీపు మీద నీళ్ళు జారుతుంటే పాప తల్లి కాలి మెట్టెను చూసి, పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. అమ్మాయి చెంబు ఆపేసి నా వైపు చూసింది.

"పొయ్యవే, చల్లారిపోతన్నయ్" అన్నారు మామ్మగారు.

ఆ రోజు నుంచి సెలవు అయ్యేదాకా అమ్మాయే నీళ్ళు పోసింది. మామ్మగారు మాత్రం రోజూ వచ్చి, కూర్చుని, వంకలు పెట్టి వెళ్ళేవారు. వారం తిరిగేసరికి పాపకు అన్నం, నిద్ర అన్నీ తల్లి దగ్గరే. నా నోటుబుక్కులో ఆ పేజీలు ఖాళీ.

అమ్మాయి డ్యూటీకి వెళ్ళిన కొన్నాళ్ళకు నాకు ఒక సంగతి తట్టింది. "డాక్టరు మీకు కారం మాన్పించి రెండేళ్ళయింది కదండీ, ఆ రోజు పచ్చడెందుకు?" అని అడిగాను.

ఆమె నవ్వలేదు. "నీ చేతులు ఖాళీగా ఉన్నంతకాలం నీ కూతురి చేతికి బిడ్డ ఎట్టా వస్తదమ్మాయ్?" అన్నారు. నాకు కోపం రాలేదు. ఆ పచ్చడి ఏడాదంతా మేమే తిన్నాం.

ఆమెను తలుచుకుంటే అమ్మాయి నీళ్ళు పోసిన ఆ మొదటి రోజే కళ్ళ ముందుకు వస్తుంది. తుండుగుడ్డలో చుట్టిన పాప తల్లి భుజం మీద నిద్రపోయింది. గట్టిగా ఊపిరి తీసుకుంటే లేస్తుందేమో అన్నట్టు అమ్మాయి మెట్టు మీద కదలకుండా కూర్చుంది. మామ్మగారు చప్పుడు కాకుండా లేచి నడిచారు. మా గేటు గొళ్ళెం పెద్దగా మోగుతుంది. ఆమె దాన్ని చీర కొంగుతో పట్టుకుని, మెల్లగా దించి, ఒకసారి లోపలికి చూసి, వీధిలోకి వెళ్ళిపోయారు.