నేను చదవని మధ్య పేజీలు

ఎనిమిదో నెలలో మా పాపకు తొడల మధ్య ఎర్రగా పొక్కింది. అప్పుడు మేం సూరత్ పక్కన బమ్రోలిలో ఉండేవాళ్లం. మా ఆయన రంగుల మిల్లులో సూపర్‌వైజరు, నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ రెండో ఏడు. మిల్లులో మిగిలిన ఎర్రటి నూలు గుడ్డ ముక్కలు ఆయన ఇంటికి తెచ్చేవారు. పాప గుడ్డలన్నీ వాటితో కుట్టినవే.

"ఆ ఎర్రయి తీసెయ్ బిడ్డా. మీ మామ తెల్ల పంచె చింపుత," అంది మా అత్త.

నాకు పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. మా ఆయనను అడిగి మిల్లులో డబ్బా మీది రంగు పేరు రాయించుకుని కాలేజీ లైబ్రరీలో వెతికాను. అదే రంగు మీద ఒక పరిశోధన పత్రం దొరికింది. సెమినార్‌కు కూడా దాన్నే ఎంచుకున్నాను.

అంతకుముందు నేను పరిశోధన పత్రం చదివి ఎరగను. పాఠ్యపుస్తకంలాగే మొదటి వాక్యం నుంచి, నిఘంటువు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. నాలుగు రోజులైనా రెండో పేజీ దాటలేదు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన సీనియర్ ఒకతను చూసి నవ్వాడు.

"భాభీ, పారాయణం చేస్తున్నారా? ఊపర్ దేఖో, నీచే దేఖో, బస్."

పైన సారాంశం, కింద ముగింపు చదివితే చాలట. మధ్యలోదంతా నింపుడేనట.

"మధ్యలో తప్పుంటే?"

"అచ్చేసినవాళ్లు చూసుకోరా? మన సార్ కూడా ఇట్లాగే చదువుతారు."

పైనా కిందా చూశాను. ఉతికితే రంగు వదలదు, ఒంటిని అంటిపెట్టుకునే బట్టలకు పనికొస్తుంది అని ఉంది. ప్రాణం కుదుటపడింది. పరిశోధనలో తేలిందని అత్తకు చెప్పాను. ఆమె పంచెను మడిచి పెట్టెలో పెట్టేసింది. మరో మూడు వారాలు పాపకు ఆ గుడ్డలే కట్టాను. సెమినార్‌లో ఆ రెండు పేరాలనే ఇరవై నిమిషాలు సాగదీసి చెప్పాను. ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. బాగా అర్థం చేసుకున్నావని సార్ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం అత్త పాప గుడ్డలు జాడిస్తూ అడిగింది. "గని ఒకటి చెప్పు. ఆ సదువుకున్నోళ్లు ఎన్ని నీళ్లల్ల జాడించిండ్రు? ఉచ్చల నానబెట్టి చూసిండ్రా?"

"తెలియదు అత్తమ్మా."

"గది తెల్వకుంట ఏం సెప్పొచ్చినవే అందరికి?"

లోపలికి వెళ్లి మధ్య పేజీలు తీశాను. వాళ్లు ముగింపుకు ఆధారం చేసుకున్నది ఒక్క ఉతుకు, అదీ శుద్ధమైన చల్లటి నీళ్లలో. చెమట ఊసు లేదు, మూత్రం ఊసు లేదు. సబ్బులో ఉండేలాంటి క్షారం కలిపిన నీళ్లలో రంగు దిగిందని పట్టికలో వాళ్లే వేశారు. ముగింపులో మాత్రం ఆ మాట లేదు. పాప అప్పుడే తడిపిన గుడ్డను తెచ్చి తెల్ల రుమాలు మీద గట్టిగా ఒత్తాను. రుమాలు గులాబీరంగుకు తిరిగింది.

రాసినవాళ్ల మీద రోత, చెప్పినవాడి మీద రోత, అన్నింటికంటే నా మీద.

మర్నాడు రుమాలు తీసుకుని వెళ్లి, సెమినార్ మళ్లీ ఇస్తానని సార్‌ను అడిగాను. ఆయన రుమాలు వైపు చూడనైనా లేదు, చెల్లెలికి నచ్చజెప్పినట్టు చెప్పారు. "మార్కులు పంపేశాను బెన్. అందరూ ఇట్లాగే చదువుతారు. నీకొక్కదానికే ఎందుకింత బాధ?"

అత్త పంచె చింపింది. పది రోజులకు పొక్కులు తగ్గాయి. గుడ్డ మార్చడం వల్లేనా, ఎండలు తగ్గడం వల్లనా, నేను చెప్పలేను. ఒక్క పిల్లను చూసి ఏదీ తేల్చకూడదు. కానీ ఆ మూడు వారాలూ పాప ఏడ్చినప్పుడల్లా, పళ్లొస్తున్నాయని అందరికీ సర్దిచెప్పింది నేనే.