వెనుక సందులో తడి

మా మేనమామ ప్రొద్దుటూరులో లేడని ఊరంతా నమ్మవలసిన వేసవి అది. నిజానికి ఆయన జమ్మలమడుగు రోడ్డు పక్కనున్న ఇనుము చెక్కే తన లేత్ షెడ్డులోనే ఉన్నాడు. షెడ్డు ముందు షట్టరుకు బయటినుంచి తాళం వేసి ఉండేది. లోపల ఒక పక్క గోడకు, ఇంటి వంటగదిలోకి తెరుచుకునే చిన్న తలుపు ఉండేది. అన్నం, నీళ్ళు, కబుర్లు అన్నీ అత్త ఆ తలుపు గుండానే చేరవేసేది. ఎవరైనా అడిగితే బెంగుళూరులో తమ్ముడి దగ్గరున్నాడని చెప్పేది.

అంతకు ముందు చలికాలం ఒక ఉదయం షెడ్డు ఎదుట రోడ్డు మీద ఒక పార్టీ మనిషిని ఎదుటి పార్టీవాళ్ళు జీపుతో గుద్ది, వేటకొడవళ్ళతో నరికారు. చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళంతా చూడలేదన్నారు. ఏనాడూ ఏ పార్టీ జెండా పట్టని మామ మాత్రం చూశానన్నాడు. నలుగురి పేర్లు చెప్పి వాంగ్మూలం ఇచ్చాడు. వేసవి సెలవుల తర్వాత కోర్టు తెరిస్తే మొదటి సాక్షి ఆయనే. రెండో సాక్షి లేడు. అంతవరకూ ఆయన ప్రాణాలతో ఉండాలి.

నేనప్పుడు ముద్దనూరు దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఏప్రిల్ చివర ఒక ఆదివారం షెడ్డులోకి వెళ్ళినప్పుడు మామ చొక్కా లేకుండా సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. ఆయనకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఆ వారంలో రెండుసార్లు స్పృహ తప్పాడని అత్త చెప్పింది. నా జేబులోని థర్మామీటరు మధ్యాహ్నం మూడు గంటలకు నలభై ఆరు డిగ్రీలు చూపింది.

“ఆస్పత్రికి పోదాం మామా” అన్నాను.

“పోతే ఆన్నుంచి ఆన్నే పైకి పోతా. ఏందో ఒకటి ఈడ్నే చెయ్ అల్లుడా. ఇంజనీరని పిల్లనిచ్చిండారు గదా నీకు!”

షెడ్డు నలభై అడుగుల పొడవు, ఇరవై ఐదు వెడల్పు. పైన రేకులు, పదహారు అడుగుల ఎత్తు. మొత్తం చల్లబరచాలంటే నా లెక్క ప్రకారం ఏడు టన్నుల ఏసీ యంత్రం కావాలి. అది అయ్యే పని కాదు. అందుకని వెనుక మూలలో పన్నెండడుగుల చదరం మేర ప్లైవుడ్, థర్మోకోల్ పలకలతో గది కట్టి, దానికి ఒకటిన్నర టన్ను చాలునని తేల్చాను. ఇక యంత్రం ఏ రకమన్నది ప్రశ్న. కూలరుకు తెరిచిన కిటికీ కావాలి. కిటికీ ఏసీకి గోడలో మనిషి దూరేంత కంత కొట్టాలి. స్ప్లిట్ ఏసీకైతే మూడంగుళాల రంధ్రం చాలు.

“మూడంగుళాలంటే ఎంత?” అన్నాడు మామ.

చూపుడు వేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టి చూపించాను.

“నాటు బాంబు పట్టదు గదా దాంట్లో?”

“పట్టదు మామా. గొట్టాలు పెట్టినాక సిమెంటుతో పూడుస్తా.”

“అయితే సరే. ఎలకొస్తే నేను చూసుకుంటాలే” అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి చాలాసేపు ఆగలేదు.

ప్రొద్దుటూరులో ఏసీలు బిగించే మెకానిక్కులు ఉన్నారు. వాళ్ళు ప్రతి పార్టీ ఇంటికీ వెళ్తారు. ఎవరు వచ్చినా సాయంత్రానికల్లా మామ మంచం ఏ మూలనుందో తెలిసిపోతుంది. కాబట్టి నేనే బిగించాలి. రాగి గొట్టాలను అతికించే పని నాకు రాదు. బెంగుళూరులో ఒక డీలరు దగ్గర, గొట్టాల్లో ముందే గ్యాసు నింపి, మరలు తిప్పి బిగించుకునే రకం దొరికింది. దాన్ని కాలిపోయిన మోటార్ల కింద పెట్టి లారీలో తెప్పించాను. గొట్టాల పొడవు నాలుగు మీటర్లు. అంతకు మించి పెంచడానికి వీల్లేదు. కాబట్టి బయటి యూనిట్ వెనుక గోడకే, జనం తిరిగే సందు వైపే అమర్చవలసి వచ్చింది.

సందు గురించి నేను ఆలోచించకపోలేదు. యూనిట్ చప్పుడును ఎదురుగా ఉన్న పిండిమర మింగేస్తుంది. కంటపడకుండా ముందు ఒక పాత లారీ రేడియేటరు జాలీని నిలబెట్టి, పక్కన తుక్కు ఇనుము పేర్చాను. ఎండకు సందులో పురుగు కూడా కదలని మధ్యాహ్నాల్లో, మూడు రోజులు సెలవు పెట్టి పని పూర్తిచేశాను. రంధ్రాన్ని బయటివైపుకు వాలుగా తొలిచాను. యంత్రం లోపలి తడి నీరుగా కారిపోవడానికి సన్నని ప్లాస్టిక్ పైపు ఒకటి ఉంటుంది. దాన్ని కూడా ఆ రంధ్రం గుండానే సందులోకి వదిలాను. మా కడప గాలి ఎండాకాలంలో ఎముకలా పొడిగా ఉంటుంది. పూటకు చెంబెడు నీళ్ళు కూడా రావనీ, వచ్చినవి నేల తాకకముందే ఆరిపోతాయనీ లెక్క కట్టాను.

గది ఇరవై ఎనిమిది డిగ్రీలకు దిగింది. మామ చొక్కా తొడుక్కున్నాడు. “శానా సుఖంగా ఉండాదిరా” అన్నాడు. ఆ వారం ఆయన అన్నం సరిగ్గా తిన్నాడని అత్త సంతోషపడింది.

మే మూడో ఆదివారం ఇంటి అరుగు మీద నేను పేపరు చదువుతుండగా ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు. నరికినవాళ్ళ పార్టీకి కావలసినవాడు. అత్తకు దూరపు చుట్టం కూడా. మజ్జిగ అడిగి తాగాడు.

“మీ ఆయన బెంగుళూర్లో బాగుండాడా చెల్లెమ్మా?”

“బాగుండాడన్నా.”

“ఆడ చల్లగా ఉంటాది. ఈడ మీ షెడ్డెనక గూడా చల్లగానే ఉండాదే! మేకలన్నీ ఆ గోడకాడ పండుకొని లేయకుండా ఉండాయి. తడి నాకుతాండాయి. మూడు దినాల్నుంచి చూస్తాండా.” గ్లాసు అరుగు మీద బోర్లించాడు. “ఆయప్పను యాడుంటే ఆడ్నే చల్లగా ఉండమను. కోర్టుకు పోతే ఎండలో నిలబడాల గదా.”

అతను వెళ్ళాక సందులోకి పరిగెత్తాను. పైపు కింద రెండు గజాల మేర నేల బురదగా ఉంది. ఏడెనిమిది మేకలు అందులో ముడుచుకొని పడుకున్నాయి. నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాకు అర్థం కాలేదు. లోపలికి వెళ్తే మామ తన పాత అలవాటు ప్రకారం గదిలో నేల మీద నీళ్ళు చల్లుతున్నాడు. పూటకు రెండు బకెట్లు. పలకల మీద తడి గోనెపట్టాలు కూడా వేలాడేశాడు. చల్లిన నీళ్ళన్నీ ఆవిరై, యంత్రంలో మళ్ళీ నీరై సందులోకి పోతున్నాయి. యంత్రం పెట్టాక నీళ్ళు చల్లవద్దని నేను చెప్పలేదు. పైపును సందులోకి వదలకుండా లోపలే ఒక బకెట్టులో పెట్టి ఉంటే సరిపోయేది.

పెద్దమనిషి అన్న మాటలన్నీ మామ వంటగది తలుపు చాటునుంచి వినే ఉన్నాడు.

“తప్పు నాది మామా” అన్నాను.

“నీదేముందిరా. ఎండాకాలంలో నీళ్ళు చల్లుకోని కొంపేది?” చెంబు కింద పెట్టాడు. “ఆపెయ్ దాన్ని.”

“ఇంకేం మిగిలింది దాచడానికి? ఉండనీ మామా, మళ్ళీ పడిపోతావు.”

“ఆపెయ్యమంటి గదా.”

మర్నాడే షట్టరు ఎత్తి లేత్ ముందు నిలబడ్డాడు. ఎవరూ ఏమీ చేయలేదు. రోడ్డున పోయేవాళ్ళు “ఎప్పుడొచ్చినావు మామా బెంగుళూరు నుంచి?” అని పలకరిస్తే “రాత్రి” అనేవాడు. ఏం నిర్ణయించుకున్నాడో మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

జూన్‌లో కోర్టుకు నేను కూడా వెళ్ళాను. బోనులో మామ నిటారుగా నిలబడ్డాడు. ఆ పొద్దున తాను రోడ్డుకు వీపు పెట్టి షాఫ్టు తిప్పుతున్నాననీ, యంత్రం చప్పుడులో ఏమీ వినలేదనీ, చూడలేదనీ చెప్పాడు. పోలీసులు రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టానన్నాడు. వకీలు ఇంకొకసారి అడిగితే అదే మాట, అదే వరసలో చెప్పాడు. నలుగురు ముద్దాయిలూ నేల చూపులు చూస్తూ విన్నారు.

వరండాలో చనిపోయినవాడి తల్లి మాకు ఎదురొచ్చింది. తిడుతుందనుకున్నాను. మామ ముఖంలోకి చూసి, “నిజంగానే సూడలేదా నాయనా?” అంది.

మామ పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

“పోనీలే. నువ్వన్నా బతికుండు” అని, మెట్ల కింద తన చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.