ఆయనకు వచ్చిన వేడి

మా ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాక సూర్యాపేట దవాఖానలో మూడు నెలలకోసారి సూది వేయించుకోమన్నారు. ఒంట్లో మగ హార్మోన్ తయారుకాకుండా ఆపే సూది అది. ఆ హార్మోనే గడ్డకు తిండి అట, దాన్ని ఆపితే గడ్డ అణిగి ఉంటుందట. డాక్టరు చెబుతున్నంతసేపూ ఈయన గోడమీది క్యాలెండరు చూస్తూ తలూపాడు.

రెండో సూది తర్వాత మొదలైంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎర్రబడేవాడు, మెడమీంచి చెమట కారేది. వేడి చేసిందని తనే తేల్చేశాడు. మామిడికాయ పచ్చడి బంద్, గుడ్డు బంద్, కోడికూర బంద్. పొద్దంతా సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ. మిర్యాలగూడ ఎండలను, కరెంటోళ్లను, నా వంటను వరసపెట్టి తిట్టాడు. వంట దాకా వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. అది తిండి వల్ల వచ్చిన వేడి కాదని, సూది వల్లేనని నాకు మొదటి రోజే తెలుసు. ముట్లు ఆగిన కొత్తలో నేనూ అట్లాగే ఉడికిపోయాను. చెబితే నామోషీ పడతాడని ఊరుకున్నాను.

మూడో సూదికి వెళ్లాల్సిన పొద్దున చొక్కా వేసుకోకుండా మంచం మీదే కూర్చున్నాడు.

"నేను రాను. మీసం పేరుకే ఉన్నది, గా సూదితోని నేనిగ మొగోన్నే గాకుంట పోయిన. నువ్వు మనసుల ఏమనుకుంటున్నవో నాకు తెల్వదా?"

"ఏమనుకుంటున్న?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మ పోయినప్పుడు తప్ప ఆయన ఏడవగా నేను చూడలేదు. కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. సూది మానేస్తే ఆ గడ్డ ఊరుకుంటుందా?

"నాకు ముట్లు ఆగినప్పుడు గీ వేడి నాకూ వచ్చింది. గప్పుడు నేను ఆడదాన్ని గాకుంట పోయిన్నా? నువ్వు నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టినవా?"

అనేశాక భయమేసింది. ముట్ల సంగతి మా ఇళ్లల్లో అక్కతోనో వదినతోనో చెప్పుకుంటాం గానీ మొగుడితో అనం. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఊరు దాటగానే చెమట మొదలైంది. అందరిముందూ కొంగుతో మెడ తుడిచినా వద్దనలేదు. కాసేపటికి, పక్కవాళ్లకు వినబడకుండా నా వైపు వంగాడు.

"నీకు గిట్ల అయినప్పుడు బాగ కష్టమయిందా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో నా ఒంటి గురించి ఆయన అడిగిన మొదటి మాట అది. "అయింది" అన్నాను. ఈసారి నాకే ఏడుపొచ్చింది.